480 మంది చెప్పిన సాధికారత

(నల్లగొండలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'సాధికారత' అనే మాట ఇయ్యాల ప్రతి సర్కారు కాగితంల ఉన్నది. దాని అసలు అర్థం మన నల్లగొండ మట్టిలనే వెతుకుదాం.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు బోరునీళ్లల్ల ఫ్లోరైడ్. పండ్లు గారపట్టినయి, ఎముకలు వంగినయి. ఈ గోసను కొలిచేటోళ్లు వచ్చిండ్రు, ఫొటోలు తీసేటోళ్లు వచ్చిండ్రు. 1970లల్ల నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతోని ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసింది. దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. మన పేరు శాస్త్ర పుస్తకాలకెక్కింది గానీ, మన కుండలల్లకు మంచినీళ్లు రాలే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జూలియన్ రాపాపోర్ట్ 1981ల ఒక వ్యాసం రాసిండు. జనాన్ని అవసరాలున్నోళ్లుగనే చూడొద్దు, హక్కులున్నోళ్లుగ గూడ చూడాలె, తమ బతుకు మీద తమకే పట్టుండాలె అన్నడు. సముదాయ మనస్తత్వ శాస్త్రానికి అదే దారి చూపింది.

ఆ వ్యాసం చదవకుండనే మనోళ్లు ఆ పని చేసిండ్రు. బ్యాంకు ఉద్యోగం వదిలిన దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంల జల సాధన సమితి కదిలింది. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల నల్లగొండ బరిల 480 మంది నిలబడ్డరు. పోలింగ్ వాయిదా పడ్డది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. గెలిచింది బొమ్మగాని ధర్మభిక్షం. మిగిలినోళ్లల్ల దాదాపు అందరికీ డిపాజిట్లు పోయినయి. కానీ అప్పటిదాక తలరాత అనుకున్న రోగం దేశం ముందు సవాలై నిలబడ్డది.

అదే ఏడు లోక్‌సభ డిపాజిట్ జనరల్ అభ్యర్థులకు 500 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. స్వతంత్రులకు 10 మంది ప్రతిపాదకులు కావాలన్నరు. పేదోడు తెరిచిన తలుపు మళ్ల సగం మూసిండ్రు. దొరికిన పట్టు కాపాడుకోకుంటే జారిపోతది.

2014ల రాష్ట్రం వచ్చింది. 2016ల మొదలైన మిషన్ భగీరథతోని నది నీళ్లు ఇండ్లకొచ్చినయి. సంతోషమే. కానీ వంగిన ఎముకలు సక్కగ కావు. వాళ్ల పింఛను, వైద్యం గురించి నిర్ణయం చేసేకాడ వాళ్లున్నరా? పక్కన పాలమూరుల మూటా ముల్లె సదురుకొని వలసపోయిన కూలీకి, తన కూలి లెక్క అడిగే బలమున్నదా?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఉద్యోగ మిత్రులారా! ఊర్లెకు పోయినప్పుడు వాళ్ల తరఫున దరఖాస్తు రాసి చేతులు దులుపుకోకుండ్రి. ఏ ఆఫీసుల ఎవరిని, ఏ కాయిదం అడగాలెనో చెప్పుండ్రి. వాళ్ల ఎంబడి పోండ్రి. అడిగేది మాత్రం వాళ్లనే అడగనియ్యిండ్రి.

జై తెలంగాణ!