ఊరకనే
(శతవార్షికోత్సవముల సందర్భమున సంఘ పెద్దల కూటములో చేసిన ప్రసంగము)



నూరేండ్ల పండుగలో శ్రమలను గూర్చి మాట్లాడమన్నారు. విందుకు ముందు ఇటువంటి అంశమేమిటని కొందరు అనుకోవచ్చును. కాని ఈ నూరేండ్లలో మన గుడులతోపాటు మన సమాధుల తోటలు కూడ నిండినవి గదా!

యోబు కథ మనకు తెలిసినదే. తెలిసినదే కనుక మొదటి అధ్యాయములోని ప్రశ్నను గబగబా దాటిపోతాము. యోబు భక్తిపరుడు కాడని సాతాను అనలేదు. ఆ భక్తి ఊరకనే కలిగినదా అని మాత్రమే అడిగినాడు. కంచె వేసి కాపాడి, పశువులను, బిడ్డలను ఇస్తుంటే భక్తి చేయనివాడెవడు అని అతని వాదము. యోబు చేతులలో దోషము దొరకలేదు. అందుకే హృదయములోని ఉద్దేశముమీద వ్రేలు పెట్టినాడు.

హెబ్రీలో ఆ మాట 'హిన్నాం'. కారణముగాని ప్రతిఫలముగాని లేకుండ అని అర్థము. రెండవ అధ్యాయములో అదే మాట దేవుని నోట వస్తున్నది. ఏ హేతువూ లేకుండ యోబు నష్టపోయినాడని ఆయనే ఒప్పుకొంటున్నాడు. భక్తి ఊరకనే ఉండగలదా అన్న ప్రశ్న పక్కనే, శ్రమ ఊరకనే రావచ్చునన్న సంగతి కూడ ఉన్నది. ఈ రెండవది మనకు మింగుడుపడదు.

స్నేహితులకూ పడలేదు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెడ్డవారు కారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద కూర్చుండి ఒక్క మాట పలుకలేదు. (మనలో ఏడు నిమిషములు అట్లు కూర్చుండగలవారెందరు? పాస్టర్లమైతే అసలే కూర్చుండలేము.) నోరు తెరచిన తరువాతనే చెడినది. ఇరువది రెండవ అధ్యాయము వచ్చేసరికి యోబు విధవరాండ్రను వట్టి చేతులతో పంపివేసినాడని, అలసినవానికి నీళ్లు ఇయ్యలేదని ఎలీఫజు నేరములు మోపినాడు. సాక్ష్యము ఏమియు లేదు. మరి ఎందుకు? తప్పు యోబుదని తేలితే తన ఇల్లు క్షేమము. తన ఆపదను చూచి వారు భయపడుచున్నారని యోబు ఆరవ అధ్యాయములోనే పసికట్టినాడు. ఓదార్పు అనే వస్త్రము క్రింద దాగియున్నది ఆ భయమే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. నేనప్పటికి పుట్టలేదు, పెద్దలు చెప్పగా విన్నాను. పదివేలమందికి పైగా చనిపోయినారు. వారందరు మనకంటె పాపులా? సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు ప్రభువు కాదని స్పష్టముగా చెప్పి, వెంటనే వినుచున్నవారి మారుమనస్సును అడిగినాడు. చనిపోయినవారివైపు చాచిన వ్రేలును బ్రతికినవారివైపు త్రిప్పినాడు.

నా సంఘములో ఒక తల్లికి ఎదిగిన కొడుకు పోయినాడు. పరామర్శకు వచ్చినవారు కుటుంబ ప్రార్థన మానినారా, మ్రొక్కుబడి ఏదైనా చెల్లించలేదా అని అడిగినారు. ఆమె బదులు చెప్పలేదు. రెండు ఆదివారముల తరువాత గుడికి వచ్చి, "అయ్యగారూ, పాట నోట రావడం లేదండి. ఊరకనే కూర్చుంటాను" అన్నది. నెలల తరబడి అట్లే కూర్చున్నది. సాతాను ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు నేను కళాశాలలో చదివిన వ్యాఖ్యానములలో కనబడలేదు.

అయితే శ్రమపడువాని హృదయము దానంతటదే శుద్ధమని నేననను. ఇన్నేండ్లు సేవ చేసితిని, నాకేనా ఇది అనే మాటలో పాత లెక్కల పుస్తకమొకటి తెరచుకొంటుంది. ఉద్యోగము వస్తే ఇంత, ఆపరేషను బాగుగా జరిగితే ఇంత అని కానుక కవరుమీద వ్రాసేటప్పుడు ఆ పుస్తకమే మన చేతిలో ఉంటుంది. కృతజ్ఞత వేరు, బేరము వేరు. కవరు మాత్రము ఒక్కటే. యోబు ముప్పది ఒకటవ అధ్యాయములో తన లోపలి గదులన్నిటికి దీపము పట్టుకొని వెళ్లినాడు. చూపును, బంగారము మీది నమ్మకమును వదలలేదు. పగవాడు పడిపోయినప్పుడు లోలోపల సంతోషించితినా అని కూడ వెదకినాడు. ఆ ఒక్క ప్రశ్నకు మన కమిటీలలో ఎందరము నిలువగలమో!

చివరి అధ్యాయములో దేవుడు కోపపడినది యోబుమీద కాదు, తన పక్షమున వాదించినామనుకొన్న ఆ ముగ్గురిమీద. ఏడు ఎడ్లను, ఏడు పొట్టేళ్లను తీసికొని యోబు యొద్దకే పొమ్మన్నాడు. అప్పటికి యోబుకు పోయినదేదీ తిరిగి రాలేదు. తనను దొంగగా నిలబెట్టినవారి కొరకు ఆ స్థితిలోనే ప్రార్థించినాడు. ఏ మాటలతో ప్రార్థించినాడో గ్రంథకర్త వ్రాయలేదు.