ఆహారశుద్ధి – అంతఃకరణశుద్ధి
(మహాకుంభాభిషేక సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ దీక్షా దినములలో పలువురు నన్ను ఒకే ప్రశ్న అడిగిరి. "స్వామీ, మా ఇంట మాంసము వండుకొందుము. అన్నదానమునకు మా బియ్యము పనికివచ్చునా?" దీనికి శాస్త్రము చెప్పినదియు, జీవితము నాకు నేర్పినదియు మనవి చేసెదను.

శాస్త్రమును దాచుట అర్చకునకు తగదు. వేదోక్త యజ్ఞములలో పశుబలి ఉన్నది. మనుస్మృతి ఐదవ అధ్యాయము యజ్ఞమున మాంసమును అనుమతించుచునే, దానిని విడిచినవానికి మహాఫలము కలుగునని చెప్పినది. మహాభారత శాంతిపర్వమున "అజ" శబ్దమునకు మేక అని దేవతలు, ధాన్యబీజమని ఋషులు వాదించిరి. దేవతల పక్షము పలికిన ఉపరిచర వసువు ఆకాశమునుండి పతితుడయ్యెను. పెద్దల మనస్సు ఎటు మొగ్గినదో ఈ కథయే చెప్పుచున్నది. నేడు మన బలిపీఠమున ఉంచునది అన్నము. దిష్టికి కొట్టునది బూడిదగుమ్మడికాయ.

భగవద్గీత పదునేడవ అధ్యాయము ఆహారమును మూడు విధములుగా విభజించినది. అచట పదార్థముల పేర్లు లేవు, గుణములే ఉన్నవి. వండి జాము గడచినది, దుర్గంధము కలది, ఎంగిలియైనది తామసము. కావున శాకాహారియు తన విస్తరిని ఒకసారి పరికించుకొనవలెను. ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధి యని ఛాందోగ్యోపనిషత్తు బోధించినది. శంకర భగవత్పాదులు అచట ఆహారమనగా ఇంద్రియములు గ్రహించు శబ్దాది విషయములని వ్యాఖ్యానించిరి. అట్లయిన, చెవితో గ్రహించు పరనిందయు ఆహారమే.

ఇక నా అపరాధమును చెప్పెదను. అర్చకత్వమున ప్రవేశించిన తొలినాళ్లలో, చేపలు పట్టి జీవించు ఒక వృద్ధుడు శివరాత్రి అన్నదానమునకు బియ్యపు మూట తెచ్చెను. "మీ ఇంట ఏమి వండుదురో తెలియదా?" అంటిని. ఆయన మారు పలుకక, మూటను గోపుర ద్వారము కడ ఉంచి, శిఖరమునకు మ్రొక్కి వెడలిపోయెను. ఇది విని మా తండ్రిగారు, "కన్నప్ప కథ ఏటేట చెప్పుదువు గదా! అందులో అర్చకుడొకడు ఉన్నాడు. వాని పాత్ర ఎవరిదిరా?" అనిరి. తల వంచుకొంటిని.

శ్రీకాళహస్తిలో తిన్నడు మాంసమును నివేదించెను. అర్చకుడు దానిని అపచారమని తుడిచి, శుద్ధి చేసెను. ఆయన తప్పు చేయలేదు. తన విధిని నిర్వర్తించెను. స్వామి ఆయనను మందలించలేదు. చాటున ఉండి చూడుమనెను, అంతే. స్వామి కంట రక్తము చూచి తిన్నడు తన కన్ను పెకలించి ఇచ్చుట ఆ అర్చకుడు చూచెను. నేను చూడలేకపోతిని. మరునాడు ఆ వృద్ధుని వెదకి క్షమాపణ కోరితిని. "మీ మాట స్వామి మాట కాదని నాకు తెలుసు బాబూ" అనెను. ఆ బియ్యము ఆ ఏడు మొదటి పంక్తిలో వడ్డింపబడెను.

కావున నా సమాధానమిది. దేవాలయ ప్రాంగణమున, దీక్షాకాలమున మాంసవర్జనము నియమము. అందు సడలింపు లేదు. గృహమున విడువగలిగినవారు జీవకారుణ్యముతో విడువుడు, కార్తీకమాసముతోనైనను ఆరంభింపుడు. విడిచినవారు ఆ గర్వమును కూడ విడువుడు. మిథిలా నగరమున మాంసము విక్రయించిన ధర్మవ్యాధుని కడకే కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము నేర్చుకొనుటకు వెళ్లెనని మరువకుడు.

ఈ ఆలయ శిలాఫలకమున దాతల పేర్లు ఉన్నవి. వారి వంటయిళ్ల వివరములు లేవు. స్వామి లెక్కయు అట్టిదేయని నా విశ్వాసము.

శుభం భూయాత్.