చందా ఒక అమానతు



అమెరికాలో తుపాకీ హక్కు కోసం సాగుతున్న ఉద్యమాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆ వాదంతో నాకు ఏకీభావం లేదు. అయినా దాని నిర్మాణం పరిశీలించదగినది. 1871లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌కు ఆయుధ కంపెనీల ధనమొక్కటే బలం కాదు. లక్షలాది సభ్యుల చందాలు, ఊళ్లలో విందులు ఏర్పాటు చేసి నిధి పోగుచేసే స్వచ్ఛంద కార్యకర్తలు, చట్టసభ్యులకు ఉత్తరాలు రాసే సామాన్యులు దానికి వెన్నెముక.

అదే సంస్థ సొమ్ము విషయంలోనే పరువు పోగొట్టుకుంది. 2024లో న్యూయార్క్ జ్యూరీ దాని మాజీ అధినేత వేన్ లాపియర్ సంస్థ నిధులను దుర్వినియోగం చేశాడని తేల్చి, 43 లక్షల డాలర్లకు పైగా తిరిగి చెల్లించాలన్నది.

వక్ఫ్ భూముల కోసం, రిజర్వేషన్ల కోసం మనమూ చందాలు పోగుచేస్తున్నాం. ప్రతి రూపాయికీ రసీదు ఇద్దాం. నెలనెలా జమాఖర్చులు మస్జిద్ నోటీసు బోర్డుపై ఉంచుదాం. ధనం ఇవ్వలేనివారు వారానికి రెండు గంటలు ఇవ్వండి: ఓటర్ల జాబితాలో పేర్లు సరిచూడండి, వక్ఫ్ గెజిట్ ప్రతులు సేకరించండి. పేదవాడు ఇచ్చిన పది రూపాయలు మన చేతిలో అమానతు. దానికి లెక్క చెప్పగలిగిననాడే ప్రభుత్వాన్ని లెక్క అడిగే అర్హత మనకు ఉంటుంది.