చీనా కవితలో నాదము, అర్థము

చీనా లిపి కంటితో చదువుటకే కాని చెవికి దానితో పని లేదను భ్రమ పెక్కుమందికి కలదు. మేమును చిరకాలము అట్లే తలచితిమి. కాని ఆ జాతి తొలి కవితాసంకలనమగు 'షిజింగ్' లోని 305 గీతములు గానమునకై పుట్టినవి. మనము గలగల, జలజల యన్నట్లే ఆ కవులును పక్షుల కూతకు, బండ్ల మ్రోతకు జంటమాటలు వాడిరి. అంతటితో ఆగలేదు. హెచ్చుతగ్గులుగా పెరిగిన మొక్కలను వర్ణించు 'త్సెన్‌త్సి' యను మాటలో రెండు భాగములకును మొదటి హల్లొక్కటే. ఆ మాటకు అర్థము లిపిని విడదీసి వెదకిన దొరకదు. రెండు ధ్వనులును జంటగా వినబడినపుడే స్ఫురించును.

కాలము ఇందొక చిక్కు తెచ్చిపెట్టినది. ఉచ్చారణ మారెను, లిపి ఆ మార్పును చూపదయ్యెను. 12వ శతాబ్దమున మహావ్యాఖ్యాత జూ షీ నాటికి ఈ గీతములలో అంత్యప్రాసలు పెక్కు చెడియుండెను. ప్రాస కుదురుటకై ఆయన ఒకే మాటను ఒకచోట ఒక తీరున, వేరొకచోట వేరొక తీరున పలుకుమనెను. మన యతిప్రాసల విషయమున ఎవరైన ఇట్లనినచో మన పండితులు ఊరకుందురా! 1606లో ఛెన్ దీ యను విద్వాంసుడు ఈ పద్ధతిని త్రోసివేసెను. ఆయన పూర్వాశ్రమమున సైన్యాధికారి. ఒక మాట సంకలనమంతటను ఒకే వర్గపు మాటలతో ప్రాస కలియుచున్నచో అది కవుల అలక్ష్యము కాదనియు, నాటి నిజమైన ఉచ్చారణమే యనియు, ఆ గీతములనుండియు ఇతర ప్రాచీన గ్రంథములనుండియు సాక్ష్యములు కూర్చి చూపెను. అనగా, అంతవరకును తప్పుగా వినినవారే కవిని తప్పుపట్టుచుండిరన్నమాట!

ఈ నష్టము మాకు మిక్కిలి బాధ కలిగించినది మరియొక చోట. 755లో చెలరేగిన తిరుగుబాటు తాంగ్ సామ్రాజ్యమును అల్లకల్లోలము చేసెను. 757లో దూ ఫూ మహాకవి ఆలుబిడ్డలను చూడబోయి, ఆ ప్రయాణమును 140 పాదముల 'బెయ్ జెంగ్' కావ్యముగా రచించెను. అందలి ప్రాసపదములన్నియు ఊపిరి చటుక్కున తెగు హల్లుతో ముగియునవి. దుఃఖముచే గొంతు పట్టుకొనినట్లుండును. ఎముకను కాంటన్ వాసులు నేటికిని 'గ్వత్' అందురు, దినమును 'యత్' అందురు. బీజింగ్ భాషలో అవి 'గూ', 'ఱి'. తుది హల్లు ఎన్నడో జారిపోయినది. కాంటన్ వాసి ఆ కావ్యమును చదివినచో ఆ తెగుట వినవచ్చును. బీజింగ్ బాలుడును ఆ పుటనే, ఆ అక్షరములనే చదువును. గొంతు మాత్రము పట్టుకొనదు.