నీహారికల రంగులు నిజమైనవేనా?

(కళాశాల విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖగోళశాస్త్రానికి సంబంధించి ఇటీవలి కాలంలో వెలువడిన ఏ పుస్తకం తెరిచినా ఒక చిత్రం సాధారణంగా మనకు ఎదురవుతుంది. నీలి ఆకుపచ్చ వెలుగు నేపథ్యంగా, ఇటుకరంగు దుమ్ముతో కూడిన మూడు స్తంభాలు ఆకాశంలోకి లేచి నిలబడి ఉంటాయి. ఎడమవైపు స్తంభమే నాలుగైదు కాంతి సంవత్సరాల పొడవున్నది. సర్పమండలంలో, ఆరువేల కాంతి సంవత్సరాలకు అటూ ఇటూగా ఉన్న గరుడ నీహారికలోని ఒక చిన్న భాగమది. 1995 ఏప్రిల్ 1వ తేదీన జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే శాస్త్రజ్ఞులు హబుల్ అంతరిక్ష దుర్భిణితో దానిని తీయించారు.

ఆ బొమ్మను చూసిన విద్యార్థులు తరచుగా వేసే ప్రశ్న ఒకటున్నది. “అక్కడికి వెళ్లి చూస్తే ఈ రంగులు ఇలాగే కనిపిస్తాయా?” కనిపించవు. ఆ మాట చెప్పగానే వారి ముఖాలలో ఒక అపనమ్మకం తొంగిచూస్తుంది. “అయితే ఇది రంగులద్దిన బొమ్మా?” అని రెండవ ప్రశ్న వస్తుంది. ఈ రెండవ ప్రశ్నకు “అవును” అనడమూ తప్పే, “కాదు” అనడమూ తప్పే. నేటి నా ప్రసంగమంతా దానికి సమాధానమే.

ముందుగా మన కంటి సంగతి చూద్దాము. మృగశిర నక్షత్రానికి దిగువన, వేటగాడి మొలకు వేలాడే కత్తిలో ఉన్న నీహారికను మీలో కొందరు దుర్భిణితో చూసి ఉంటారు. అది బూడిదరంగు పొగలాగా, మహా అయితే కొంచెం ఆకుపచ్చగా కనిపిస్తుంది. మసక వెలుతురులో మన కంటిలో రంగులను గుర్తించే కణాలు పని చేయవు. అప్పుడు పని చేసే కణాలకు వెలుగునీడల భేదం తప్ప రంగు తెలియదు. పెద్ద దుర్భిణితో చూచినా, నీహారిక సమీపానికే వెళ్లినా ఆ మేఘం విశాలంగా కనిపిస్తుందే గాని, దానిలో ఒక్కొక్క జానెడు భాగం మరింత ప్రకాశవంతం కాదు. కనుక నీహారికల రంగులకు మన కన్ను ప్రమాణం కాజాలదు.

మరి ప్రమాణమేది? కాంతినే అడగవలసి ఉన్నది.

1864లో విలియం హగ్గిన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక నీహారిక కాంతిని వర్ణపట దర్శినిలోనికి పంపి చూచాడు. నక్షత్రాల కాంతిలో వలె ఇంద్రధనుస్సు కనిపించలేదు. చీకటిలో విడివిడిగా కొన్ని ప్రకాశ రేఖలు మాత్రమే కనిపించాయి. నీహారిక అంటే నక్షత్రాల గుంపు కాదనీ, వెలుగుతున్న వాయువనీ ఆ రేఖలు తేల్చివేశాయి. అయితే వాటిలో ఒక ఆకుపచ్చ రేఖ భూమిపై తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికి “నెబ్యులియం” అని కొత్త మూలకం పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ మన గుంటూరు ప్రస్తావన వస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో విడిది చేసి, సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ గ్రహణంలో పరిశీలకులకు కనిపించిన పసుపు రేఖ కూడా ఎవరికీ అంతు పట్టలేదు. అది కొత్త మూలకానిదని లాక్యర్ అన్నాడు. హీలియం అనే పేరు వచ్చింది. 1895లో రామ్సే దానిని భూమిపైననే పట్టి చూపాడు. అంతు చిక్కని రేఖలు రెండు. ఒకటి నిజంగానే కొత్త మూలకమయింది. రెండవది కాలేదు. 1927లో ఐరా బోవెన్ ఆ ఆకుపచ్చ రేఖ రెండు ఎలక్ట్రానులను పోగొట్టుకున్న ప్రాణవాయు పరమాణువుదని నిరూపించాడు. నీహారికలోని వాయువు ఎంత పలుచనంటే, ఘన సెంటీమీటరుకు కొన్ని వందలో వేలో కణాలు మాత్రమే ఉంటాయి. పరమాణువులు ఒకదానినొకటి ఢీకొనడం బహు అరుదు. కనుక భూమిపై తాపీగా వెలువడే తీరిక దొరకని కాంతి అక్కడ వెలువడుతుంది. మన ప్రయోగశాలలు సృష్టించే శూన్యం కూడా దానితో పోలిస్తే ఇరుకు సంత వంటిదే.

ఈ రేఖలలో మూడింటిని మీరు గుర్తుంచుకుంటే చాలు. ఉదజని రేఖ 656.3 నానోమీటర్ల వద్ద ఉన్నది, ఎరుపు. ప్రాణవాయువు రేఖ 500.7 వద్ద, నీలి ఆకుపచ్చ. ఒక ఎలక్ట్రాను కోల్పోయిన గంధకం 671.6, 673.1 వద్ద జంట రేఖలనిస్తుంది, ఇదీ ఎరుపే. సమీపంలోని మహోష్ణ నక్షత్రాలు వెదజల్లే అతినీలలోహిత కిరణాలే పరమాణువుల నుంచి ఎలక్ట్రానులను ఊడబెరుకుతాయి. గంధకం నుంచి ఒక ఎలక్ట్రానును తీయడానికి కొద్దిపాటి శక్తి చాలును. ప్రాణవాయువు నుంచి రెండవదానిని తీయడానికి దానికి మూడు రెట్లకు పైగా కావాలి. కనుక ప్రాణవాయువు వెలిగే చోట తీక్ష్ణమైన కిరణాలు ప్రసరిస్తున్నాయని, గంధకం వెలిగే చోట అవి బలహీనపడి చల్లని మేఘపు అంచును తాకుతున్నాయని గ్రహించవచ్చును. ఏ రేఖ ఎక్కడ వెలుగుతున్నదో తెలిస్తే నీహారిక శరీర నిర్మాణం తెలిసినట్లే.

ఈ మూడు వెలుగులనూ వేరుచేసేది సన్నని పట్టీ ఫిల్టరు. చూడడానికి అద్దంలా మెరిసే గాజు బిళ్ల అది. దానిపై అతి పలుచని పొరలు అనేకం పూతగా వేస్తారు. ఆ పొరల మధ్య కాంతి తరంగాలు ప్రతిఫలించి, కావలసిన తరంగదైర్ఘ్యం వద్ద ఒకదానికొకటి తోడై బయటికి వస్తాయి. మిగిలినవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. సాధారణమైన ఎర్ర ఫిల్టరు వంద నానోమీటర్ల వెడల్పు కాంతిని రానిస్తుందనుకుంటే, ఇది ఐదింటిని, కొన్ని మూడింటిని మాత్రమే రానిస్తాయి. ఇందులో లాభమెక్కడున్నది? ఆకాశపు మసక వెలుగు అన్ని తరంగదైర్ఘ్యాలలోనూ పరచుకుని ఉంటుంది. నీహారిక వెలుగు ఒక్క రేఖలో పోగుపడి ఉంటుంది. ఐదు నానోమీటర్ల ఫిల్టరు నీహారిక రేఖను దాదాపు పూర్తిగా వదులుతూ, ఆకాశపు వెలుగులో ఇరవయ్యవ వంతును మాత్రమే లోనికి రానిస్తుంది. వెన్నెల రాత్రులలో సైతం ఉదజని చిత్రం తీయగలగడం ఇందువల్లనే. అయితే ఈ బిళ్లలకూ బలహీనతలున్నాయి. ఉదజని రేఖకు ఇరుపక్కలా నత్రజని రేఖలు కాపు కాచి ఉంటాయి. ఏడు నానోమీటర్ల ఫిల్టరు వాటిని కూడా కలుపుకుంటుంది. “ఇది ఉదజని చిత్రం” అన్నప్పుడు అందులో నత్రజని పాలు కొంత ఉండవచ్చునని జాగరూకులైన పరిశీలకులు చెప్పుకుంటారు.

ఇంత సన్నని కిటికీ గుండా వచ్చే కాంతి స్వల్పం గనుక ఒక్కొక్క చిత్రానికి ఐదు నిమిషాలు, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. అటువంటివి అనేకం తీసి కలపాలి. పదహారు చిత్రాలను కలిపితే గరగర నాలుగవ వంతుకు తగ్గుతుంది. ఎనిమిదవ వంతు కావాలంటే అరవైనాలుగు తీయాలి. ఓపికకు గణితం విధించే పన్ను ఇది! గరుడ నీహారిక స్తంభాల చిత్రం నాలుగు కెమెరాలు తీసిన 32 చిత్రాల కూర్పు. ఆ నాలుగింటిలో ఒకటి ఎక్కువ వృద్ధీకరణతో చిన్న భాగాన్ని చూస్తుంది. పుస్తకాలలో ఆ బొమ్మకు ఒక మూల మెట్లు మెట్లుగా నల్లని ఖాళీ ఉండడానికి కారణం అదే.

ఇప్పుడు దూరం సంగతి. హబుల్ దుర్భిణి భూమికి ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటుంది; దాని వద్ద మనిషి కూర్చుని ఉండడు. నేలపైన కూడా నేడు అనేక దుర్భిణుల వద్ద పరిశీలకుడు ఉండడం లేదు. మన దేశంలో ఇందుకు చక్కని ఉదాహరణ లడఖ్‌లోని హాన్లే. సముద్రమట్టానికి 4,500 మీటర్ల ఎత్తున, వానలు దాదాపు లేని శీతల ఎడారిలో, రెండు మీటర్ల అద్దం గల హిమాలయన్ చంద్రా దుర్భిణి 2000వ సంవత్సరంలో తొలి వెలుగును చూసింది. అక్కడి పొడి గాలి దుర్భిణికి వరం, మనిషికి పరీక్ష. ఊపిరి అందదు; చలికాలపు రాత్రులు సున్నకు ఇరవై డిగ్రీలకు పైగా దిగువకు పోతాయి. కనుక దానిని నడిపే కేంద్రాన్ని బెంగుళూరు సమీపంలోని హోసకోటలో నెలకొల్పారు. రెండింటి మధ్య నేరుగా చూస్తే సుమారు 2,200 కిలోమీటర్లు. ఉపగ్రహ సంధానంతో ఈ ఏర్పాటు మొదలయింది. 2003 నుంచి దేశంలోని ఖగోళ పరిశోధకులు ప్రతిపాదనలు పంపి, కేటాయించిన రాత్రులలో దానిని వాడుకుంటున్నారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. భూస్థిర ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. హోసకోట నుంచి ఆజ్ఞ పైకి పోయి హాన్లేకు దిగడానికి పావు సెకను, “సరే” అన్న జవాబు రావడానికి మరొక పావు సెకను పడుతుంది. ఈ వ్యవధితో నక్షత్రం కదలికను ఇక్కడి నుంచి చేత్తో సవరించడం కుదరదు. కనుక నీహారిక పక్కన ఒక నక్షత్రాన్ని గురిగా పెట్టుకుని, అది రవ్వంత జరిగినా దుర్భిణిని సరిదిద్దే పని అక్కడి యంత్రమే చేయాలి. ఏ ఫిల్టరు, ఎంతసేపు, ఎన్ని సార్లు అన్న నిర్ణయం మాత్రం పరిశీలకుడిది. మబ్బు పట్టినప్పుడు గుమ్మటం మూయాలా, వేచి చూడాలా అన్న సందేహమూ అతనిదే. దూరం నుంచి నడపడమంటే మీట నొక్కి నిద్రపోవడం కాదు.

తెల్లవారేసరికి చేతికి అందేది రంగుల చిత్రం కాదు. మూడు నలుపు తెలుపు చిత్రాల వరుసలు. కెమెరాలోని వేడి వల్ల పుట్టే చుక్కలను తీసివేయడానికి చీకటి చిత్రాలు, గాజుపై ధూళి మచ్చలను సవరించడానికి సమకాంతి చిత్రాలు వాటికి తోడుగా ఉంటాయి. శుద్ధి అంతా ముగిశాక రంగు ప్రశ్న వస్తుంది. ఉదజని, గంధకం రెండూ సహజంగా ఎరుపే గదా. ఉన్న రంగునే వేస్తే ఆ రెండూ కలిసిపోయి, మనం శ్రమపడి విడదీసిన భేదం మళ్లీ మాయమవుతుంది. అందుచేత తరంగదైర్ఘ్యాల వరుసను పాటించి, అతి పొడవైన గంధకానికి ఎరుపు, మధ్యనున్న ఉదజనికి ఆకుపచ్చ, పొట్టిదైన ప్రాణవాయువుకు నీలం ఇస్తారు. హెస్టర్, స్కోవెన్ చేసినది ఇదే. ఆ చిత్రం ప్రఖ్యాతి వల్ల ఈ పద్ధతికి హబుల్ వర్ణ సరళి అని పేరు స్థిరపడింది. భౌగోళిక పటంలో సముద్రపు లోతులకు నీలి ఛాయలు, ఎత్తైన కొండలకు గోధుమ ఛాయలు వేసినప్పుడు దానిని అబద్ధమని ఎవరూ అనరు; పక్కన సూచిక ఉంటుంది గనుక.

నా ఫిర్యాదు సూచిక గురించే. నీహారిక చిత్రాలను అట్టలపైన, గోడపటాలపైన అచ్చువేసేవారు అనేకులు ఏ రంగు దేనికి గుర్తో ఒక్క వాక్యమైనా రాయరు. అలా అచ్చయినప్పుడు పటం కాస్తా అలంకారమైపోతుంది. అంతేకాదు, ఉదజని వెలుగు తక్కిన రెండింటికంటే సాధారణంగా చాలా బలమైనది. యథాతథంగా కలిపితే బొమ్మ అంతా పచ్చబడుతుంది. అందువల్ల ఒక్కొక్కదానిని ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో కూర్చేవారు నిర్ణయిస్తారు. ఆ బంగారు ఛాయలలో వారి అభిరుచి పాలు ఉన్నది. దాచవలసిన పని లేదు. ఎక్కడ వెలుగున్నది, ఎక్కడ లేదన్నది కొలత. దానికి ఏ రంగు, ఎంత గాఢంగా అన్నది ఒప్పందం. ఈ రెండింటినీ విడదీసి చెప్పగలిగితే, మొదట మనం చెప్పుకున్న విద్యార్థికి అపనమ్మకం కలగదు. 2022లో జేమ్స్ వెబ్ దుర్భిణి ఇవే స్తంభాలను కంటికి అసలే కనిపించని పరారుణ కాంతిలో తీసింది. అక్కడ ఒప్పందం తప్ప వేరు దారే లేదు.

ఫిల్టరు ఎంత సన్ననిదైనా చీకటికి అది పూర్తి ప్రత్యామ్నాయం కాదు. పాత సోడియం దీపాల వెలుగు ప్రధానంగా 589 నానోమీటర్ల చెంత ఉండేది గనుక తప్పించుకోవడం సులువు. నేటి తెల్లని ఎల్‌ఇడి దీపాల కాంతి ప్రాణవాయువు రేఖ ఉన్న చోటికి కూడా పాకుతుంది. నగరాల వెలుగుకు వేధశాలలు ఊరు విడిచి పోవడం మనకు కొత్త కాదు; హైదరాబాదులోని నిజామియా వేధశాల తన పెద్ద దుర్భిణిని నగరానికి దూరంగా జపాల-రంగాపురంలో ప్రతిష్ఠించుకున్నది. హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ రక్షిత ప్రదేశంగా ప్రకటించారు. అక్కడి పల్లెవాసులు కిటికీలకు దళసరి తెరలు కట్టి, వీధి దీపాలకు కప్పులు తొడిగి, రాత్రి వాహనాల దీపాలను తగ్గించి నడుపుకుంటున్నారు. ఆ ఊళ్ల యువతీ యువకులు కొందరు శిక్షణ పొంది, వచ్చిన యాత్రికులకు దుర్భిణులలో ఆకాశాన్ని చూపుతున్నారు.

మీకు హాన్లేలో రాత్రి దొరకకపోవచ్చును. కాని హబుల్ తీసిన మూల చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకునేటట్లు అంతర్జాల భాండాగారంలో ఉన్నాయి. కళాశాలలో ఒక కంప్యూటరు ఉంటే చాలును. గరుడ నీహారిక స్తంభాలకు చెందిన మూడు ఫిల్టరుల చిత్రాలను తెచ్చుకుని, రంగు వేయకముందే పక్కపక్కన పెట్టి చూడండి. ప్రాణవాయువు చిత్రంలో స్తంభాల చుట్టూ వెలుగు పలుచగా, సమంగా పరచుకుని ఉంటుంది. గంధకపు చిత్రంలో స్తంభపు అంచులు సన్నని గీతలుగా తేలి కనిపిస్తాయి. నక్షత్రాల కిరణాలు మేఘాన్ని అంచు వెంట ఎక్కడ ఆవిరి చేస్తున్నాయో, ఆ గీత మీదనే వేలు పెట్టి చూపవచ్చును.