దేవుని చెట్లకు పంచాయతీ నిధి

పంచాయతీ సభ్యులారా,

ఏటా పుష్యమాసమున మెస్రం వంశీయులు జన్నారం మండలములోని హస్తినమడుగునుండి గోదావరి జలమును కాలినడకన కేస్లాపూరునకు తెచ్చి, అమావాస్యనాటి రాత్రి నాగోబాను అభిషేకింతురు. పూజకు ముందు వారు విడియునది మఱ్ఱిచెట్ల నీడనే. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగిన నూతనాలయమును వారు తమలో తాము చందాలు వేసికొని కట్టుకొనిరి. ఇట్టి భక్తుల చేతికి చెట్లు పెంచుటకు నిధి నిచ్చినచో అది వ్యర్థము కాదని నా నమ్మకము.

నిధి యెక్కడిదందురా? 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పంచాయతీ బడ్జెట్టులో నూటికి 10 వంతులు పచ్చదనమునకు కేటాయింపుమన్నది. నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు విధించినది. కావున నాటిన దినపు సంబరముకంటె పిమ్మటి మూడు వేసవుల నీటికి, కంచెకు, కాపలాకు సొమ్ము మిగుల్చుడు. గుడియైనను, దర్గాయైనను, చర్చియైనను, ఆ ఆవరణలోని మొక్కల బాధ్యత అచ్చటి భక్తులకే అప్పగింపుడు.

త్వరగా ఎదుగునని కోనోకార్పస్ వంటి పరాయి మొక్కలు తెప్పింపవలదు. ఇప్ప, నల్లమద్ది, తునికి, మోదుగ, జువ్వి మన నేలపై పుట్టినవి. ఇప్పపువ్వు మనుష్యునకును ఎలుగుబంటికిని ఆహారమే! ఇట్టి చెట్లు పలుతరములు నిలిచి, భూమిని వేడెక్కించు బొగ్గుపులుసు వాయువును పీల్చి కొయ్యగా దాచుకొనును. రాలిన యాకు వాననీటిని నేలలో నింకించును.

ఏ చెట్టు ఏ దేవునిదో ఊరి పెద్దల నడుగక గుంట త్రవ్వింపకుడు. ఇప్పగింజ నిలువయుంచిన మొలకెత్తదు. తొలకరివేళ కాయ పండి రాలిన వెంటనే నర్సరీలో వేయింపుడు.