పెద్దావిడ చూపు, రాజకీయ నవల
(అధ్యక్షోపన్యాసం)



అపరాధ పరిశోధక నవల గురించి ఉదయం నుంచీ చాలా మంచి మాటలు విన్నాం. నేను ఒక్క పాత్ర గురించే చెబుతాను. ఆవిడ పేరు ఎమిలీ పాలిఫాక్స్. అరవై దాటిన వితంతువు. న్యూజెర్సీలో ఒంటరిగా ఉంటుంది. పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్లున్నారు. తనతో ఇక ఎవరికీ పనిలేదన్న దిగులు ముదిరి ఒకనాడు మేడ అంచుదాకా వెళ్లి ఆగిపోయిన మనిషి. చిన్నప్పుడు గూఢచారి కావాలని కోరిక ఉండేది. అది గుర్తొచ్చి, తిన్నగా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కార్యాలయానికి వెళ్లి పని ఇవ్వమని అడుగుతుంది.

ఆవిడ కథ చెప్పే మొదటి నవలను డొరోతీ గిల్మన్ 1966లో ప్రచురించారు. 2000 దాకా ఆ పాత్రతో 14 నవలలు వచ్చాయి. నా మాటలన్నీ ఆ మొదటి నవల గురించే.

మామూలు పర్యాటకురాలిలా కనిపించే మనిషి కోసం చూస్తున్న అధికారి కార్‌స్టేర్స్, పొరపాటున ఈవిడనే ఎంచుకుంటాడు. మెక్సికో నగరంలో ఒక పుస్తకాల దుకాణానికి వెళ్లి ఒక పుస్తకం తీసుకురావాలి, అంతే. తీరా వెళితే దుకాణంలో మనిషి మారిపోయి ఉంటాడు. ఆవిడను ఎత్తుకెళ్లి అల్బేనియా కొండల్లో ఖైదు చేస్తారు.

గిల్మన్ అల్బేనియాను ఎంచుకోవడంలోనే ఆమె రాజకీయ దృష్టి తెలుస్తుంది. ఎన్వర్ హోజా ఏలుబడిలోని ఆ దేశం 1961లో సోవియట్ యూనియన్‌తో తెగతెంపులు చేసుకుని చైనా పక్కన చేరింది. అటు అమెరికా, ఇటు రష్యా అనే లెక్కకు లొంగని చోటు అది. అందుకే ఆ చెరసాలలో కాపలావాళ్లకు కూడా ఒకరిమీద ఒకరికి నమ్మకం ఉండదు. పెద్దావిడ దారి వెతుక్కునేది ఆ సందులోనే. ఒక అధికారికి వీపు పట్టేస్తే మర్దనా చేస్తుంది. ఇంకొకడిని వాళ్ల దేశం గురించి చెప్పమని అడిగి వింటుంది. ఖాళీ దొరికితే పేకముక్కలు పరుచుకుని తనలో తాను ఆడుకుంటుంది. అసలు ఆవిడ తీసుకురావలసిన, శత్రువులు వెతుకుతున్న మైక్రోఫిల్ము ఆ ముక్కల్లోనే ఉంది! రోజూ వాళ్ల కళ్లముందే ఉన్నా, ముసలావిడ కాలక్షేపం కదా అని ఎవరూ ఒక్క ముక్క తీసి చూడరు.

నా దృష్టిలో ఈ ఘట్టమే నవలకు ప్రాణం. అధికారం తాను లెక్కలోకి తీసుకోని మనిషిని గమనించదు. ఆ మనిషి మాత్రం అధికారాన్ని గమనిస్తూనే ఉంటుంది. 1930లో తొలిసారి నవలకెక్కిన, అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్‌కూ ఈ బలం ఉంది. బుద్ధిసూక్ష్మతలో మార్పుల్‌దే పైచేయి. అయితే ఆవిడ పరిశోధించేది ఇళ్లలో, ఊళ్లలో జరిగే హత్యలను. అదే చూపును ప్రభుత్వాల మధ్యకు తీసుకెళ్లిన గిల్మన్ సాహసం నాకు మరీ ఇష్టం.

కానీ ఒక లోపం చెప్పక తప్పదు. పాలిఫాక్స్ శత్రుదేశపు కుట్రను ఛేదిస్తుంది, తనను పంపిన సంస్థను మాత్రం నిలదీయదు. 1953లో ఇరాన్‌లో, 1954లో గ్వాటెమాలాలో ప్రభుత్వాలను కూలదోయడంలో చేయి ఉన్న సంస్థ అది. నవలలో దాని అధికారులు మర్యాదస్తులు, మంచివాళ్లు. అంతటి చురుకైన చూపు సొంత ఇంటివైపు తిరగకపోవడం వల్ల ఆ నవల గొప్ప వినోదం దగ్గరే ఆగిపోయింది.

ఆ ఆగినచోట మనం అందుకోవచ్చు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబుగారి గూఢచారి షాడో వెంట తరాల పాఠకులు పరుగెత్తారు. పరిశోధన అంటే మగవాడి సాహసమన్న అలవాటు అలా బలపడింది. కానీ మన నేల మీద జరిగిందేమిటి? నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూనే తమ ఊరి సారా గురించి ప్రశ్నలు వేశారు. సరుకు ఎక్కడినుంచి వస్తోంది? వేలంపాట పాడుకున్న కాంట్రాక్టరు వెనక ఎవరున్నారు? మొగుడి కూలిడబ్బు చివరికి ఎవరి ఖజానాకు చేరుతోంది? ఆ ప్రశ్నల్లోంచి ఎదిగిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఇంతకన్న గొప్ప రాజకీయ పరిశోధన కథ ఎక్కడ దొరుకుతుంది?

ఈ సభలో ఉన్న యువ రచయితలకు నా విన్నపం ఒక్కటే. ఆ కథ రాయండి. పరిశోధకురాలిగా అరవై దాటిన పల్లెటూరి ఆవిడను పెట్టండి. ఆమెను జాలితో చూపకండి, నవ్వుల పాత్రనూ చేయకండి. ఆమెకు తెలిసిన లోకాన్ని మీరు ముందు కూర్చుని వినండి, ఆ తర్వాతే కలం పట్టండి.